విడవని విడిది

ఒక ఊరు పెద్ద ఆటల పండగకి మంచి విడిది కావాలంటే ఏమేం ఉండాలి? హోటలు గదులుండాలి, రోడ్లుండాలి, ఆసుపత్రి ఉండాలి, గుర్రపు శాలలుండాలి, మైదానం ఉండాలి అంటారు పెద్దలు. పైపై మాటలు! అన్నిటికన్నా ముందు ఉండాల్సింది ఒకటే, వచ్చినవాణ్ని వదిలిపెట్టే గుణం. విడిది అంటే విడిచిపెట్టేది అనుకునేంత అమాయకుణ్ని నేను. కొండల మధ్య ఉన్న మా కైందీసూ పట్నంలో విడిది అంటే విడవనిది.

నా పేరు జుమాదిల్. మా పట్నం పురపాలక కచేరీలో ఆటపాటల శాఖ చూస్తాను. ఆట ఊరివాళ్ళది, పాట్లు నావి. కోక్‌బోరు అంతర్జాతీయ పోటీలు ఈసారి మా ఊరికి తేవాలని రెండేళ్ళుగా తిరగని గుమ్మం లేదు. కోక్‌బోరు అంటే గుర్రాల మీద ఆడే ఆట. మేక కళేబరాన్ని లాక్కుని, పరిగెత్తి, మట్టితో కట్టిన కాగులాంటి గోలులో వెయ్యాలి. వేసినవాడికి గోలు, చూసేవాడికి గోల.

పోటీల మీద అంత మోజు ఎందుకంటే, ఉన్న ఒక్క మైదానం పోయే గతి పట్టింది కాబట్టి. ఊరి చివర కొండ కింద మా ముత్తాతలు ఆడిన నేల అది. ఈ ఏడు పెద్ద పోటీలు ఏవీ రాకపోతే దాన్ని బంగాళాదుంపల గోదాముకి ఇచ్చేస్తామని ప్రాంత కచేరీ తేల్చి చెప్పింది. కొలతలవాళ్ళు వచ్చి నాలుగు మూలలా ఎర్రగుడ్డలు కట్టిన మేకులు కూడా పాతి పోయారు. మైదానాన్ని దుంపలకి దానమిచ్చి మా దుంప తెంచుతారన్నమాట. నేను పట్టుదలగా కాలువ నుంచి నీళ్ళు మళ్ళించి, రాళ్ళు ఏరించి, అంచు నుంచి అంచు వరకు గడ్డి పెంచాను. సొంత బట్టతల మీద చూపించని శ్రద్ధ ఆ గడ్డి మీద చూపించాను. దాని మీద ఎవరైనా చెప్పులతో నడిస్తే నా వీపు మీద నడిచినట్టుండేది.

అన్నీ కుదిరాయి. కుదరనివి గదులు. వచ్చే జట్లు, వాళ్ళ మనుషులు, చూసేవాళ్ళు కలిపి వేలల్లో ఉంటారు. మా ఊళ్ళో ఉన్నది ఒకే ఒక హోటలు. అందులో వేడినీళ్ళు రావాలంటే ముందు మేనేజరు రావాలి. నది అవతలి పట్నంవాళ్ళకి ఐదంతస్తుల హోటలుంది. పోటీలు మాకు రాకపోతే వాళ్ళకే.

ఈ గొడవ తేల్చడానికి పెద్దల సభ పెట్టాం. వంతెన వీధి పెద్ద సుయుందుక్ తాత తెల్ల ఫెల్టు టోపీ సర్దుకుని లేచాడు.

"ఒరేయ్ జుమాదిల్, హోటలు హోటలు అని పొద్దున్నుంచీ ఒకటే రొద. మా తాత పోయిన ఏడాదికి విందు చేస్తే నాలుగు లోయల జనం దిగారు. గుర్రప్పందేలు, కుస్తీలు, కోక్‌బోరు, వారం రోజులు! అప్పుడు నీ హోటలుందా? ఇంటికి ఇంతమందని పంచుకున్నాం. ఒక్కడు ఆకలితో పోలేదు."

"తాతా, అది చావు విందు. ఇది ఆటల పండగ."

"ఎవడూ చావకుండా విందు చేస్తే అదే పండగ. కూర్చో."

కూర్చున్నాను. ఆలోచిస్తే ముసలాయన మాటలోనూ పస ఉంది. హోటలు లేకపోతే ఇళ్ళు చూపిద్దాం. అక్కడికీ జాగ్రత్తగానే చెప్పాను. "వినండి. వచ్చే గురువారం ముగ్గురు పరిశీలకులు వస్తున్నారు. ముగ్గుర్నీ కలిపి ఒక్క ఇంటికి తీసుకెళ్దాం. ఒక్క కప్పు టీ ఇద్దాం. అక్కణ్నుంచి సూటిగా మైదానానికి. ముగ్గురూ చూడాలి, ముగ్గురూ ఒప్పుకోవాలి. ఒక్కరు చూడకపోయినా లెక్కలోకి రాదు. పొద్దు వాలేలోపు వాళ్ళ కారు కనుమ ఎక్కాలి. చీకటి పడితే మంచుకి దారి మూసేస్తారు. అర్థమైందా?"

అందరూ తలలూపారు. నేను సంతోషించాను. అక్కడే నా తలరాత ఊగింది.

నేను మర్చిపోయినవి రెండు. ఒకటి, మా ఊరికి వంతెన వీధి, మర వీధి, పాప్లార్ల వీధి అని మూడు వీధులున్నాయి. వచ్చేది ముగ్గురు అతిథులు. రెండు, మా వైపు "ఒక్క కప్పు టీ" అంటే గొర్రె. అతిథి గుమ్మం తొక్కాక గొర్రెని కోస్తారు. ఉడకడానికి పూట పడుతుంది. ఈలోగా రొట్టె, మీగడ, జామ్, నూనెలో వేయించిన పిండి ఉండలు, ఆవిరి కక్కే పాలటీ. మాంసం పంచి, తిని, పెద్దాయన చేతులెత్తి దీవెన చదివేదాకా అతిథి లేవకూడదు. మధ్యలో లేస్తే ఆ ఇంటి పరువు వీధిలో పడుతుంది. పక్కింటివాడు దాన్ని ఎత్తి మరో పదేళ్ళు చూపిస్తూ తిరుగుతాడు.

గురువారం పొద్దున ఊరి మొగలోనే ఎదురెళ్ళాను. డోలు, రొట్టె పళ్ళెం, నేను. కారు ఆగింది. ముందు దిగినావిడ శైరాగుల్. కజక్ మనిషి, పరిశీలకులకు పెద్ద. నవ్వు మీద పన్ను కట్టాలన్నట్టు మొహం పెట్టుకుంది. వెనక ఫెరెంత్స్ అనే హంగేరీ ఆయన, ఎర్ర మీసాలు, గుర్రాల సంతల్లో నేర్చుకున్న మా భాష. మూడో ఆయన గాన్‌బోల్ద్, మంగోలియా పశువైద్యుడు. గుర్రపు శాలలు చూడటం ఆయన పని.

రొట్టె తుంచి నోట్లో వేసుకున్నారు. నేను స్వాగతం మొదలుపెట్టాను. ఉపన్యాసం అన్నాక కళ్ళు మూసుకుని చెప్తేనే నాకు ఊపు వస్తుంది. "ఆతిథ్యం మాకు అలవాటు కాదు, ఆరోప్రాణం. పోటీ అనే మాటలోనే టీ ఉంది. కాబట్టి మా దగ్గర పోటీకి ముందు టీ..." అని ఒక ముచ్చట విసిరి, నవ్వుల కోసం ఆగాను. నవ్వులు రాలేదు. కళ్ళు తెరిచాను. ఎదురుగా డోలు వాయించేవాడొక్కడున్నాడు.

"అతిథులేరిరా?"

"పంచుకుపోయారు జుమాదిల్ బైకె." అన్నా అనడానికి బైకె అంటాం. ఆ పూట ఆ మాట నాకు బైటకి అన్నట్టు వినిపించింది.

"పంచుకుపోవడమేంటి! వాళ్ళేమన్నా పీర్ల పంచదారా?"

"వీధికొకరు. మీరు 'ఆరోప్రాణం' అన్నప్పుడు పెద్దావిడ వంతెన వీధికెళ్ళింది. 'అలవాటు కాదు' దగ్గరే మీసాలాయన మర వీధికెళ్ళిపోయాడు."

దగ్గర కాబట్టి మర వీధికి పరిగెత్తాను. కనిమ్‌బూబూ ఎజె ఇంటి ముందు వీధి వీధంతా ఉంది. ఎజె అంటే అక్క. ఆవిడ అరవై దాటిన మనిషి, ఊరందరికీ అక్క, నాకు పుట్టినప్పట్నుంచీ అక్క. ఫెరెంత్స్ గుమ్మానికి ఎదురుగా, అందరికన్నా పైన, పరుపుల మీద పరుపులేసిన చోట కూర్చుని ఉన్నాడు. మీసాలకి మీగడ.

"ఎజె, ఈయన్ని పంపించు. మైదానానికి తీసుకెళ్ళాలి."

"పంపిస్తా. మాంసం ఉడకనీ."

"ఒక్క కప్పు టీ అన్నానా లేదా?"

"ఇచ్చానుగా టీ. టీ అయింది. ఇప్పుడు గొర్రె."

"గొర్రె ఎవరు కొయ్యమన్నారు?"

"గొర్రె కొయ్యకుండా ఇంట్లోకి పిలిచామంటే రేపు వంతెన వీధివాళ్ళు ఏమంటారో తెలుసా? మర వీధిలో మర ఉంది గానీ మర్యాద లేదంటారు. ఆ మాట మొన్న నీ నోటి నుంచే వచ్చింది."

వచ్చింది నిజమే. మాటల సరదా కొద్దీ అన్నాను. అదిప్పుడు కాగు ఎక్కి కూర్చుంది. నేను ఫెరెంత్స్ వైపు తిరిగాను. "అయ్యా, మైదానం..." అన్నాను. ఆయన నా చేతిలో గుర్రప్పాల గిన్నె పెట్టి, "కూర్చో తమ్ముడూ. ఇల్లు చాలా బాగుంది. గొర్రె తల నాకే ఇస్తారంట!" అన్నాడు. తల ఆయనకి, తలనొప్పి నాకు.

పాప్లార్ల వీధికి పరిగెత్తాను. అక్కడ ఇంట్లో కూర్చోబెట్టినట్టే లేదు. వీధి పొడుగునా పశువులు. పశువైద్యుడు వచ్చాడని తెలిసి కుంటి గుర్రం, దగ్గే గొర్రె, పాలివ్వని ఆవు, అన్నీ వరస కట్టాయి. గాన్‌బోల్ద్ చేతులు పైకి మడిచి, ఒక ఒంటె నోట్లో తల పెట్టి చూస్తున్నాడు.

"డాక్టరుగారూ, మీరు చూడాల్సింది శాలలు."

"చూస్తా. ముందు ఈ పన్ను," అన్నాడు ఒంటె లోపల్నుంచి.

"అసలు మా ఊళ్ళో ఒంటె ఎవరికుందిరా?"

"పక్క ఊరి నుంచి రాత్రే తోలుకొచ్చాం బైకె," అన్నాడు ఆ ఇంటాయన మామత్‌కుల్, ఏదో ఘనకార్యం చేసినట్టు. "మంగోలియా మనిషి కదా, ఒంటెని చూస్తే ఇంటిని చూసినట్టుంటుందని."

"నీ ఇంటికి ఒంటె కట్టుకుంటే ఇల్లు కాదురా, ఒంటి మీద బట్ట కూడా మిగలదు! పోటీలు పోతే నువ్వే దుంపలు మొయ్యాలి దాని మీద."

"ఏం చెయ్యమంటావు? గొర్రెని కోసేశాం. కోసినదాన్ని మళ్ళీ నిలబెట్టలేంగా."

ఈ తర్కానికి ఇంతవరకు విరుగుడు కనిపెట్టలేదు ఎవరూ. నేను వంతెన వీధికి పరిగెత్తాను. అది నా వీధి. నా వీధైనా నా మాట వింటుందని ఆశ. సుయుందుక్ తాత వాకిట్లో పెద్ద ఇనప కాగు, దాని కింద మంట, పక్కన గరిటె పట్టుకుని మా ఆవిడ ఉల్‌బోసున్.

"నువ్వూనా!"

"వీధి పరువు. నేను రాకపోతే ఎలా? పైగా కాగు మనదే."

"మన కాగులో నన్నే ఉడకబెడుతున్నావే!"

"నిన్ను ఉడకబెడితే మాటలు తప్ప మాంసం ఏం దిగుతుంది? పక్కకి జరుగు, పొగ పోవట్లేదు."

లోపల శైరాగుల్ పై చోట నిటారుగా కూర్చుని ఉంది. ముందు పదిరకాల పళ్ళేలు. సుయుందుక్ తాత వాళ్ళ తాత విందు కథ మొదటి రోజు దగ్గరున్నాడు. అది వారం రోజుల విందని గుర్తుంది కదా. నేను పక్కన కూర్చోగానే ఆవిడ పెదవులు కదపకుండా అంది:

"మీరేనా ఈ ఊరి ఏర్పాట్లు చూసేది?"

"చూసేది నేనేనండీ. చేసేది వేరేవాళ్ళు."

"నేను ఇప్పటికి చాలా ఊళ్ళు చూశాను. కొన్నిచోట్ల గదులుండవు. కొన్నిచోట్ల నీళ్ళుండవు. ఇక్కడ తలుపు లేదు."

"తలుపుందండీ!"

"లోపలికి రావడానికుంది. ఇంతమంది జట్లు వస్తే ఒక్కో ఇంట్లో ఒక్కో జట్టు ఇలా కూర్చుంటే ఆట ఎవరు ఆడతారు? మీ గోదాము దుంపలా?"

ఆవిడకి దుంపల సంగతి కూడా తెలుసు.

"లేచి వచ్చెయ్యండి, కారు ఉంది," అన్నాను గుసగుసగా.

ఆవిడ నా వంక చురుగ్గా చూసింది. "మా అమ్మ కూడా ఇలాగే కూర్చోబెడుతుంది ఇంటికొచ్చినవాళ్ళని. ముసలాయన మొహం మీద నేనెలా లేస్తాను? మాంసం ముందు లేస్తే మా ఊళ్ళోనైనా నన్ను మనిషనరు. మీరేం చేస్తారో చెయ్యండి. నేను లేవకూడదు, నేను వెళ్ళాలి. పొద్దు వాలితే చూడనట్టే రాస్తాను."

బయటికొచ్చి వాకిట్లో కూలబడ్డాను. దూరంగా మైదానంలో నా గడ్డి ఎండలో మెరుస్తూ ఎవరికోసమో ఎదురుచూస్తోంది. మూలల్లో ఎర్రగుడ్డలు ఊగుతున్నాయి.

"ఏంటలా దుంపలా కూర్చున్నావు?" అంది ఉల్‌బోసున్.

చెప్పాను. మాంసం అయ్యేదాకా లేవరు, మాంసం, దీవెన అయ్యేసరికి మైదానం చూసేంత పొద్దు ఉండదు, పొద్దు పోతే మైదానం పోతుంది.

ఆవిడ గరిటెతో కాగు అంచు మీద కొట్టింది. "అతిథి ఎక్కడుండాలి? కాగు ఉన్నచోట. కాగు ఎక్కడుండాలని రాసిపెట్టుందా ఎక్కడన్నా?"

"అంటే?"

"అంటే ఎత్తండి దీన్ని! ఆ వీధిలో ఉన్న లారీ తియ్యి. వేసవి మేతకి కొండెక్కినప్పుడు ఉడుకుతున్న కాగు బండి మీద పెట్టుకుని వెళ్ళలా మనం? ఇప్పుడు మైదానం ఏమన్నా కొండకన్నా దూరమా?"

ఇరవై ఏళ్ళ కాపురంలో నా భార్యకి నమస్కారం పెట్టడం అదే మొదలు. సుయుందుక్ తాత దగ్గరికి వెళ్ళి చెవిలో ఊదాను. "తాతా, మీ తాత విందులో కాగులు ఇళ్ళల్లో పెట్టారా, ఆటల బయల్లో పెట్టారా?"

"బయల్లోనే! వరసగా గాడిపొయ్యిలు తవ్వి! అతిథి ఆట చూస్తూ తినాలి గానీ గోడ చూస్తూ తింటాడట్రా?" అంటూ ఆయన కళ్ళు వెలిగాయి. లేచాడు. ఇంటాయన లేచాక అతిథి లేవొచ్చు. శైరాగుల్ బుగ్గ మీద చీమ పాకినంత చిన్నగా ఏదో కదిలింది. నవ్వే అనుకుంటాను.

వంతెన వీధి కాగు మైదానానికి పోతోందని తెలిసిందో లేదో, మర వీధి ఊరుకుంటుందా? కనిమ్‌బూబూ ఎజె తన కాగుని ట్రాక్టరు తొట్టిలోకి ఎక్కించి, తను దాని పక్కన మూత పట్టుకుని నిలబడి, "తోలరా! వంతెనవాళ్ళ ముందు మన మూత తెరుచుకోవాలి!" అని అరిచింది. ఫెరెంత్స్ తొట్టిలోకి తనే దూకాడు. పాప్లార్ల వీధివాళ్ళు గుర్రబ్బండి మీద కాగు, వెనక గాన్‌బోల్ద్, ఆ వెనక ఒంటె. నేను వేయించిన కొత్త రోడ్డు మీద మూడు కాగులూ ఆవిర్లు కక్కుతూ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయాయి. పులుసు చింది నా కోటు మీద పడింది. రోడ్డు బాగుందని మాత్రం ముగ్గురు పరిశీలకులకీ తెలిసొచ్చింది. గతుకు తగిలితే ముందు కాలేది వాళ్ళే కాబట్టి.

లారీలో చోటు దొరక్క నేను నడిచి చేరేసరికి కొంచెం ఆలస్యమైంది. మైదానం చూశాను. చూసి, నా రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాను.

నా గడ్డి! అంచు దాటి, ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ, గాడిపొయ్యిలు తవ్వేశారు. మూడు కాగులకి మూడు కాదు, టీకి వేరు, పిండి ఉండలకి వేరు, నూడుల్స్ నీళ్ళకి వేరు. గాళ్ళ పక్కన పచ్చిమట్టి కుప్పలు, పొగ.

"బయట తవ్వచ్చు కదా!" అని కేకేశాను.

"బయట రాళ్ళు జుమాదిల్," అంది కనిమ్‌బూబూ ఎజె. "నువ్వు రాళ్ళు ఏరించింది ఇక్కడే. చాలా మంచి పని చేశావు, పలుగు ఎంత హాయిగా దిగుతోందో!"

రెండేళ్ళు రాళ్ళు ఏరింది పొయ్యిల కోసమన్నమాట. పరిశీలకులు ఏం చూస్తారిప్పుడు? పరిగెత్తే గుర్రం కాలు ఒక్క గాడిలో పడితే విరుగుతుంది. నా కాలు ఇప్పటికే విరిగినట్టే నడుస్తున్నాను.

శైరాగుల్ మైదానమంతా చుట్టి వచ్చింది. శాలలు చూసింది, జనం కూర్చునే మెట్లు చూసింది, గోళ్ళతో మట్టి గోలు గీరి చూసింది. చివరికి గాళ్ళ వరస ముందు ఆగింది.

"ఇవేంటి?"

"పొయ్యిలమ్మా," అన్నాడు సుయుందుక్ తాత.

"మైదానంలోనా?"

"తినేవాళ్ళు ఇక్కడున్నారుగా."

ఆవిడ నా వంక తిరిగింది. నా దగ్గర శ్లేషలన్నీ అయిపోయాయి. "మైదానం బాగుండేది," అని మాత్రం అనగలిగాను. ఆవిడ వెళ్ళి కూర్చుంది. మాంసం వచ్చింది. ఎవరికి ఏ ముక్క వెళ్ళాలో పెద్దలు తగువులాడి తగువులాడి పంచారు. ఫెరెంత్స్ మర్యాద ప్రకారం గొర్రె తలలోంచి చెవి కోసి కనిమ్‌బూబూ ఎజె మనవరాలికిచ్చాడు. అంతా సవ్యంగానే జరిగింది. దీవెన కోసం అందరితోపాటు చేతులెత్తాను, దేవుడికి మొక్కానో దుంపలకి మొక్కానో తెలీదు.

దీవెన అయింది. కాగులు దిగాయి. అప్పుడు మా వాళ్ళు, ఎవరూ చెప్పకుండా, మేత బయలు ఖాళీ చేసేటప్పుడు చేసే పని మొదలుపెట్టారు. మేం కొండ మీద మకాం ఎత్తేటప్పుడు పొయ్యి పెట్టిన చోటు కనపడకూడదు. వచ్చే ఏడు మళ్ళీ అక్కడే గడ్డి కావాలి కదా. అందుకే తవ్వేటప్పుడే గడ్డిని వేర్లతో సహా పలకలుగా కోసి, నీడలో పేర్చి, పైన నీళ్ళు చల్లి ఉంచుతారు. కోపంలో నేనది చూడలేదు. మట్టి కుప్పలే చూశాను. బూడిద ఎత్తారు, మట్టి పోశారు, ఆడవాళ్ళు వరసకట్టి తొక్కారు, పైన పలక పరిచారు, అంచులు వేళ్ళతో నొక్కారు. మర వీధివాళ్ళు మూడు గాళ్ళు పూడ్చేలోపు పాప్లార్లవాళ్ళు నాలుగు పూడ్చాలని పంతం. ఇక్కడా పోటీయే!

"జుమాదిల్! మన గాడి పూడ్చు, నేను కాగు తోమాలి!" అని ఉల్‌బోసున్ అరిచింది.

"వస్తున్నా!" అన్నాను. కానీ శైరాగుల్ పూడ్చేవాళ్ళని చూస్తూ నిలబడింది. ఈ సమయంలో పక్కన లేకపోతే ఎలా? వెళ్ళి, వేసవి మేతల గురించీ, మా తాతల నుంచి వచ్చిన మర్యాద గురించీ, మేం నేలని ఎలా చూసుకుంటామో దాని గురించీ చెప్పడం మొదలుపెట్టాను. ఊపు వచ్చింది. కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి ఈసారి ఆవిడ నా ఎదురుగానే ఉంది. "అయిందా?" అంది. బయలుదేరి గడ్డి మీద నడిచింది. గాళ్ళు ఎక్కడున్నాయో నాకే తెలియలేదు. ఆవిడ మడమతో ఇక్కడ తొక్కింది, అక్కడ తొక్కింది. గాన్‌బోల్ద్ మామత్‌కుల్ గుర్రాన్ని ఎక్కి ఆ చివర్నుంచి ఈ చివరికి దౌడు తీయించాడు. దిగి, తల ఊపాడు. నా ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

అప్పుడు శైరాగుల్ కాలు మోకాలిదాకా దిగిపోయింది.

ఫెరెంత్స్ పరిగెత్తి పట్టుకున్నాడు. ఆవిడ కాలు పైకి లాక్కుని, బూటు దులుపుకుని, చుట్టూ చూసింది. పైన పలక మాత్రం చక్కగా పరిచి ఉంది. కింద మట్టి పొయ్యలేదు. తర్వాత తెలిసింది. మా ఆవిడ నా కోసం చూసి చూసి, ఎవరూ పడకుండా పుల్లలు అడ్డం వేసి పైన పలక మాత్రం పరిచి, కాగు తోముకోడానికి కాలవకి పోయిందట.

"ఇది ఎవరి గాడి?"

మూడు వీధులూ జీవితంలో మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డాయి. వందల వేళ్ళు నా వైపు తిరిగాయి.

"ఏర్పాట్లు చూసే ఆయన," అని సుయుందుక్ తాత వివరించాడు కూడా.

ఆవిడ కారెక్కింది. కిటికీ దించింది. ఏదో అనబోతుందని వంగాను. "మీ ఆవిడకి చెప్పండి, పులుసు బాగుంది," అంది. కారు కనుమ వైపు పోయింది. కొండల మీద ఎండ ఇంకా కొద్దిగా ఉంది.

ఆ తర్వాతి రోజులు నన్నేం అడగొద్దు. బజారుకి పోతే "గాడిలో ఎలా ఉంది బైకె, చలా?" అని ఒకడు. కనిమ్‌బూబూ ఎజె నాకు తోడుగా నిలబడింది లెండి. "వాడేం తప్పు చేశాడు, మాటలతో గాడి పూడుతుందనుకున్నాడు" అని వీధిలో అందరి ముందూ అంది. ఇంట్లో ఉల్‌బోసున్ నాకు అన్నం పెట్టేటప్పుడల్లా గిన్నె అడుగు తట్టి చూపించేది, కింద ఖాళీ లేదని.

చివరికి ఫోను వచ్చింది. శైరాగుల్ గొంతు.

"జుమాదిల్‌గారూ, పోటీలు మీ ఊళ్ళోనే. ముగ్గురం ఒప్పుకున్నాం."

నేను కుర్చీలో ఉన్నానో నేల మీదున్నానో తెలియలేదు. "మా ఆతిథ్యం నచ్చిందన్నమాట!"

"కాదు. ఆతిథ్యం భరించలేం. తిండి పెట్టే ఊళ్ళు చాలా చూశాను. పండగైపోయిన మర్నాడు ఆ ఊళ్ళకి వెళ్ళారా ఎప్పుడైనా? విరిగిన కుర్చీలు, చెత్త, తవ్వి వదిలేసిన నేల, తాళం వేసిన పెద్ద భవనం. మీవాళ్ళు తిన్నచోటు అదే పూట మళ్ళీ పచ్చగా పరిచారు. ఆ పని తెలిసిన ఊరికి ఇవ్వొచ్చు అనిపించింది. రెండు షరతులు. మొదటిది, ఆట ముందు, మాంసం తర్వాత. ఆట పూర్తయ్యేదాకా ఏ ఇంట్లోనూ ఏ గొర్రెనీ కొయ్యకూడదు."

"రెండోది?"

"ఆ ఒక్క గాడీ పూడ్చండి. మీ చేత్తో."

ఆ సాయంత్రమే తట్ట, పార పట్టుకుని మైదానానికి వెళ్ళాను. మట్టి పోసి తొక్కాను. మళ్ళీ పోసి మళ్ళీ తొక్కాను. మూలల్లో ఎర్రగుడ్డల మేకులు లేవు. సుయుందుక్ తాత అప్పుడే వాటిని పీకి, తన దూడని కట్టడానికి ఒకటి, పక్కింటివాళ్ళ దూడలకి మిగతావి పంచేశాడు. దుంపల పీడ విరగడైంది. హాయిగా ఊపిరి పీల్చుకోబోయాను.

అంతలో మూడు వీధుల పెద్దలూ నా వైపే వస్తూ కనపడ్డారు. నడకలోనే కొట్టుకుంటున్నారు.

"మంగోలియా జట్టు మాది! ఒంటె మా వీధిలో ఉంది!"

"హంగేరీవాళ్ళు మాకు. మీసాలాయన మాటిచ్చాడు!"

"కజక్కులు వంతెన వీధికే. కాలు దిగింది మా గాడిలో!"

"ఆగండి!" అన్నాను పార నేలకి గుచ్చి. "ఎవరు ఎవరికైనా వెళ్ళనీ. షరతు మాత్రం వినండి. ఆట ముందు, మాంసం తర్వాత. ఆట అయ్యేదాకా ఒక్క గొర్రె తెగడానికి వీల్లేదు. అర్థమైందా?"

ముగ్గురూ తలలూపారు. ఆ ఊపు నేనింతకుముందు చూసిందే.

సుయుందుక్ తాత గడ్డం నిమురుకుని, ఒక్క అడుగు ముందుకేసి, మెల్లిగా అడిగాడు:

"టీ గురించి ఏమీ అనలేదుగా?"